కార్బన్ ఫైబర్‌కు పాలిష్... పొర అరిగితే తిరిగి రాదు

మెట్టుగూడ (సికింద్రాబాద్): కారు బానెట్, పక్క అద్దాల తొడుగులు, డిక్కీపై రెక్క, లోపలి డ్యాష్‌బోర్డు పట్టీలు... నల్లని నేత గళ్లతో మెరిసే కార్బన్ ఫైబర్ భాగాలు నగర రహదారులపై ఇప్పుడు అరుదైన దృశ్యం కాదు. ఖరీదైన కార్లకు ఇవి కంపెనీ నుంచే వస్తుండగా, ముచ్చటపడి విడిగా కొని బిగించుకునేవారూ ఉన్నారు. రెండు మూడు వేసవులు గడిచాక ఆ మెరుపు మసకబారుతుంది. ఎండలో చూస్తే సాలెగూడు వంటి సన్నని గీతలు కనిపిస్తాయి. వెంటనే యజమానికి తట్టే ఆలోచన పాలిష్. సమీపంలోని డెంటింగ్, పెయింటింగ్ షెడ్డుకు వెళ్లి ‘అన్నా, అద్దంలా మెరవాలి’ అని అప్పగించి రావడం పరిపాటి. ఇనుప రేకుపై రంగుకు సరిపోయే పద్ధతినే కార్బన్ ఫైబర్‌కూ వర్తింపజేస్తే వేలాది రూపాయల భాగం ఒక్క పూటలో పాడయ్యే ప్రమాదం ఉంది. పని చేసే కార్మికుని ఆరోగ్యానికీ ముప్పు పొంచి ఉంది.

ఇందుకు కారణం తెలియాలంటే మెరుస్తున్నది ఏమిటో ముందుగా తెలియాలి. మెరుపు కార్బన్ పోగులది కాదు. వాటిపై పరచిన పారదర్శక పూతది. వాడుకలో దీనినే క్లియర్ కోట్ అంటారు. పాలిష్ అంటే ఆ పూతను కొద్దికొద్దిగా అరగదీసి నునుపు చేయడమే తప్ప, కొత్తగా ఏదీ చేర్చడం కాదు. కనుక పాలిష్ చేయించిన ప్రతిసారీ ఆ పొర కొంత ఖర్చవుతుంది.

నగరానికి కొత్తేమీ కాదు

కార్బన్ ఫైబర్ విదేశీ కార్ల వెంట వచ్చిన వింత వస్తువుగా చాలామంది భావిస్తారు. నిజానికి హైదరాబాద్‌కు దీనితో దశాబ్దాల అనుబంధం ఉంది. 1989 మే 22న తొలిసారి ప్రయోగించిన అగ్ని క్షిపణి తిరిగి వాతావరణంలోకి ప్రవేశించే సమయంలో ఎదురయ్యే తీవ్రమైన వేడిని తట్టుకునేందుకు కార్బన్ మిశ్రమ పదార్థాలతోనే కవచాన్ని రూపొందించారు. నగరంలోని డీఆర్‌డీఓ ప్రయోగశాలలు ఇందులో కీలకపాత్ర పోషించాయి. రాకెట్ల కోసం అభివృద్ధి చేసిన తేలికపాటి పదార్థాలను చూసిన నిమ్స్ వైద్యుని అభ్యర్థనపై, పోలియో బాధిత చిన్నారులకు 3 కిలోలకు పైగా బరువుండే లోహపు కాలిపట్టీల స్థానంలో 300 గ్రాముల పట్టీలను తయారు చేయించిన వైనాన్ని మాజీ రాష్ట్రపతి అబ్దుల్ కలాం పలు సభల్లో ప్రస్తావించారు. తేజస్ యుద్ధ విమానం బరువులోనూ సుమారు 45 శాతం మిశ్రమ పదార్థాలదే.

కార్ల విషయానికి వస్తే, 1981లో మెక్‌లారెన్ సంస్థ ఎంపీ4/1 పేరిట ఫార్ములా వన్ కారు చట్రాన్ని కార్బన్ ఫైబర్‌తో నిర్మించింది. అదే ఏడాది ఇటలీలోని మోంజా పందెంలో ఆ కారు ఘోర ప్రమాదానికి గురైనా డ్రైవర్ జాన్ వాట్సన్ సురక్షితంగా బయటపడటంతో అనుమానాలు తొలగిపోయాయి. 2023 ఫిబ్రవరి 11న హుస్సేన్‌సాగర్ తీరాన జరిగిన ఫార్ములా ఈ పోటీల్లో నగరవాసులు చూసిన విద్యుత్ కార్ల పైతొడుగుల్లోనూ పాత కార్ల నుంచి తిరిగి సేకరించిన కార్బన్ ఫైబర్‌ను వినియోగించారు.

పడుగు, పేక, జిగురు, పూత

చేనేత తెలిసిన జిల్లాల వారికి ఈ పదార్థం నిర్మాణం సులువుగానే అర్థమవుతుంది. ఒక్కో కార్బన్ పోగు మందం 5 నుంచి 7 మైక్రాన్లు. మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు. ఇలాంటి వేలాది పోగులను ఒక కట్టగా చేర్చి, ఆ కట్టలనే పడుగు పేకలుగా పెట్టి గుడ్డ నేస్తారు. ఏటవాలు గళ్లతో కనిపించేది ట్విల్ నేత. చదరంగం గళ్లలా కనిపించేది సాదా నేత. ఈ గుడ్డను అచ్చులో పరచి ఎపాక్సీ రెసిన్ అనే జిగురుతో తడిపి గట్టిపడనిస్తారు. బలం పోగులది, ఆకారం జిగురుది.

ఎండకు కార్బన్ పోగులు చెక్కుచెదరవు. సమస్యంతా జిగురుతోనే. సూర్యరశ్మిలోని అతినీలలోహిత కిరణాలు సోకితే ఎపాక్సీ పసుపురంగుకు తిరుగుతుంది, ఆ తర్వాత సుద్దలా పొడిబారుతుంది. దీనిని అడ్డుకునేందుకే ఆ కిరణాలను పీల్చుకునే రసాయనాలు కలిపిన క్లియర్ కోట్‌ను పైన వేస్తారు. అంటే అది అందం కోసం మాత్రమే వేసినది కాదు, గొడుగు వంటిది. గొడుగు బట్ట పలుచనైన కొద్దీ లోపలికి చేరే ఎండ పెరుగుతుంది. పాలిష్ చేసిన రోజున భాగం ధగధగలాడినా, పొర మరీ పలుచబడితే ఆ ఫలితం మరుసటి ఏడాదో, ఆపై ఏడాదో పసుపు మరకల రూపంలో బయటపడుతుంది. అప్పటికి పాలిష్ చేసిన సంగతే యజమాని మరచిపోతాడు.

ఈ గొడుగు మందం ఎంత? కంపెనీల్లో వేసే క్లియర్ కోట్ సాధారణంగా 40 నుంచి 50 మైక్రాన్లు ఉంటుంది. దినపత్రిక కాగితం మందం సుమారు 70 మైక్రాన్లు. అంటే పత్రికలోని ఒక్క పేజీ కంటే కూడా ఇది పలుచన. బయటి మార్కెట్లో దొరికే భాగాలపై ఈ మందం ఒక్కో చోట ఒక్కో తీరుగా ఉంటుంది. కొన్నింటిపై దట్టంగా వేస్తే, మరికొన్నింటిపై పేరుకు ఒక పూత వేసి సరిపెడతారు. అంచుల వద్ద పరిస్థితి మరింత సున్నితం. తడిగా ఉన్న పూత పదునైన అంచు నుంచి వెనక్కు జారుకుంటుంది కనుక, ఎంత నేర్పుగా వేసినా అంచులపై మందం తక్కువగానే ఉంటుంది.

కొలత అందని చోటు

ఇనుప రేకుపై రంగు మందాన్ని తెలుసుకునేందుకు పెద్ద షెడ్లలో చేతిలో ఇమిడే మీటర్లు వాడుతుంటారు. ఇవి ఇనుముపై అయస్కాంత శక్తితోనూ, అల్యూమినియంపై విద్యుత్ ప్రవాహాల ఆధారంగానూ పనిచేస్తాయి. కార్బన్ ఫైబర్‌పై ఈ మీటరు పెడితే అంకె చూపకపోవచ్చు, చూపినా అది నమ్మదగినది కాదు. ప్లాస్టిక్, మిశ్రమ పదార్థాల కోసం శబ్ద తరంగాలతో కొలిచే ప్రత్యేక మీటర్లు ఉన్నా వాటి ధర ఎక్కువ. పైగా క్లియర్ కోట్ ఎక్కడ ముగిసి జిగురు ఎక్కడ మొదలైందో తేల్చడం వాటికీ ఒక్కోసారి కష్టమే.

ఇనుప రేకు విషయంలో మరో సౌలభ్యం కూడా ఉంది. క్లియర్ కోట్ అరిగిపోయి కింది రంగు తగలగానే ప్యాడ్‌కు ఎరుపో, నీలమో అంటుకుని హెచ్చరిస్తుంది. కార్బన్ ఫైబర్‌లో క్లియర్ కోట్ కింద ఉన్నది కూడా దాదాపు పారదర్శకమైన జిగురే. రంగు హెచ్చరిక రాదు. ప్యాడ్‌కు నల్లని పొడి అంటుకుందంటే పూతను, జిగురును దాటి పోగుల దాకా వెళ్లినట్టే. అందుకే ఈ పనికి లేత రంగు ప్యాడ్, తెల్లని గుడ్డ వాడటం మేలు. నల్ల ప్యాడ్‌పై నల్ల పొడి కనిపించదు కదా.

కొలవడానికి వీల్లేనప్పుడు అనుసరించదగిన మార్గం ఒక్కటే. అన్నింటికంటే మెత్తని పద్ధతితో మొదలుపెట్టి, అవసరమైతేనే ఒక్కో మెట్టు పైకి వెళ్లడం. షెడ్లలో సాధారణంగా జరిగేది ఇందుకు పూర్తిగా విరుద్ధం. సమయం కలిసివస్తుందని ముందే గరుకు కంపౌండ్‌తో రబ్బింగ్ చేసి, తర్వాత మెత్తని పాలిష్‌తో ముగిస్తుంటారు.

అసలుదా, అతికించిందా?

చేయి వేయడానికి ముందు ఎదురుగా ఉన్నది ఏమిటో నిర్ధారించుకోవాలి. కార్బన్ పేరిట చలామణి అవుతున్న వాటిలో గణనీయమైన భాగం ప్లాస్టిక్‌పై అతికించిన స్టిక్కర్లు, లేదా నీటి తొట్టెలో ముంచి డిజైన్ ఎక్కించినవి. అసలైన నేతను టార్చి వెలుగులో అటూ ఇటూ కదిలించి చూస్తే ఒక కోణంలో మెరిసిన గడి మరో కోణంలో నల్లబడుతుంది, లోతు కనిపిస్తుంది. అచ్చు వేసిన డిజైన్‌లో ఈ మార్పు ఉండదు. స్టిక్కరైతే అంచు వద్ద గోటికి తగులుతుంది. దానిపై కంపౌండ్, మిషన్ రెండూ నిషిద్ధమే. ఫైబర్‌గ్లాస్‌పై ఒక్క పొర కార్బన్ గుడ్డ వేసిన చవక భాగాలూ ఉన్నాయి. ఇవి అసలైనవిగానే కనిపించినా వేడిని తట్టుకునే శక్తి తక్కువ.

మెరుపు లేకుండా మందకొడిగా కనిపించే మ్యాట్ పూతను ఎట్టి పరిస్థితుల్లోనూ పాలిష్ చేయరాదు. అక్కడక్కడ మెరిసే మచ్చలు పడి మళ్లీ పాత స్థితికి రాదు. అసలు పూతే లేకుండా వదిలేసిన భాగాలకూ ఇదే వర్తిస్తుంది. పైన రక్షణ ఫిల్ము అంటించి ఉంటే ముందు దాని సంగతి తేల్చుకోవాలి.

ఇక దెబ్బ ఎంత లోతుగా ఉందన్నది రెండో ప్రశ్న. గీతపై గోటిని అడ్డంగా నడిపినప్పుడు గోరు ఆగితే అది పాలిష్‌తో పోయే గీత కాదు. మసక ఉన్న చోట కొన్ని నీటి చుక్కలు వేసి చూడాలి. తడిసినప్పుడు మసక మాయమై, ఆరగానే తిరిగి కనిపిస్తే లోపం పైపొరలోనే ఉన్నట్టు. అది పాలిష్‌కు లొంగుతుంది. తడిపినా తెల్లని మబ్బులా కనిపిస్తూనే ఉంటే పూత కింద అతుకు వీడిందనో, తేమ చేరిందనో అర్థం. పసుపు రంగు కూడా లోపలి జబ్బే. వీటిని పాలిష్‌తో పోగొట్టాలని చూడటం గోడ లోపలి చెమ్మను పైన సున్నంతో కప్పడం లాంటిది.

రైలు పట్టాల పక్కన ప్రత్యేక సమస్య

మెట్టుగూడ, లాలాగూడ పరిసరాల్లో కార్లు నిలిపేవారు తెలుసుకోవలసిన అంశం మరొకటి ఉంది. రైలు పెట్టెల మరమ్మతుల కోసం 1893లో నెలకొల్పిన లాలాగూడ వర్క్‌షాపు, రైల్వే కాలనీలు, నిత్యం రద్దీగా ఉండే సికింద్రాబాద్ మార్గాలు ఈ ప్రాంతాన్ని అల్లుకుని ఉన్నాయి. రైలు బ్రేకులు, చక్రాలు, పట్టాల రాపిడిలో కంటికి కనిపించనంత సూక్ష్మమైన ఇనుప రేణువులు రాలుతుంటాయి. పెయింటింగ్ వృత్తిలో వీటిని రైలు దుమ్ముగా వ్యవహరిస్తారు. ఇవి కారుపై వాలి, వేడికి పూతలో గుచ్చుకుని, తేమ తగలగానే తుప్పు పడతాయి. చేత్తో తడిమితే ఇసుక కాగితంలా తగులుతుంది. తెల్ల కారుపై ఇవి నారింజ రంగు చుక్కలుగా బయటపడతాయి. నల్లని కార్బన్‌పై మాత్రం కనిపించకుండా దాగి ఉంటాయి. కార్ల సొంత బ్రేకుల నుంచీ ఇలాంటి రేణువులు వెలువడుతుంటాయి కనుక పట్టాలకు దూరంగా ఉన్నవారికీ ఈ బెడద పూర్తిగా తప్పదు.

ఈ రేణువులు ఉండగానే మిషన్ ఆన్ చేస్తే ఒక్కో రేణువూ ఉలిలా పనిచేస్తుంది. మెరుపు రావలసిన చోట వృత్తాకార గీతలు పడతాయి. ఇనుమును కరిగించే ప్రత్యేక ద్రావణాన్ని నీడలో, చల్లబడిన పూతపై చల్లితే రేణువులున్న చోట ఊదారంగు కారుతుంది. ఆరిపోకముందే నీటితో ధారాళంగా కడగాలి. పూత పగిలి పోగులు బయటపడిన చోట ఈ ద్రావణం వాడరాదు. చేతి తొడుగులు తప్పనిసరి. వాసన ఘాటుగా ఉంటుంది కనుక గాలి ఆడే చోటే ఈ పని చేపట్టాలి. మిగిలిన మురికిని క్లే అనే ముద్దతో, షాంపూ నీటిని తడిగా ఉంచుతూ, ఒత్తిడి లేకుండా తొలగించాలి. ముద్ద కింద పడితే ఇసుక అంటుకుంటుంది, దానిని పారవేయవలసిందే. పొదుపు చేయబోతే గీతలు పడటం ఖాయం.

మెట్రో వంతెన కింద నీడ చూసుకుని నిలిపే కార్లకు పావురాల రెట్టల బెడద ఉంటుంది. వేసవిలో పూత మెత్తబడి రెట్ట చుట్టూ ముడుచుకుపోతుంది. నానబెట్టి తీయాలే తప్ప గీకరాదు. బోరు నీటితో కడిగి ఎండలో ఆరనిస్తే సున్నపు మరకలు వలయాలుగా మిగులుతాయి. వీటిని ముందుగా మరకలు తొలగించే ద్రావణంతో పోగొడితే పాలిష్ అవసరమే రాకపోవచ్చు.

వేడే ప్రధాన శత్రువు

పాలిష్ మిషన్ తిరిగినప్పుడు రాపిడితో వేడి పుడుతుంది. ఇనుము, అల్యూమినియం రేకులు ఆ వేడిని చుట్టుపక్కలకు పంచివేస్తాయి. కార్బన్ ఫైబర్‌లో పోగుల వెంట వేడి కొంత ప్రయాణించినా, జిగురు కారణంగా మందంలోకి మాత్రం త్వరగా దిగదు. పైపొరలోనే నిలిచిపోతుంది. చేత్తో పరచి, గది ఉష్ణోగ్రతలోనే గట్టిపరచిన చవక భాగాల్లో ఎపాక్సీ సుమారు 60 నుంచి 80 డిగ్రీల వద్దే మెత్తబడటం మొదలవుతుంది. మే నెలలో ఎండలో నిలిపిన నల్లని బానెట్ మిషన్ తగలకుండానే ఆ స్థాయికి చేరువవుతుంది.

మెత్తబడిన జిగురు తిరిగి బిగుసుకునేటప్పుడు కుంచించుకుపోయి, కింది నేత ఉబ్బెత్తుగా పైకి తేలుతుంది. అద్దంలా ఉండవలసిన ఉపరితలంపై దోమతెర వంటి గళ్లు ఏర్పడతాయి. దీనిని చూసి కంగారుపడి వాటర్ పేపర్‌తో చదును చేయబోవడం అసలైన పొరపాటు. పడుగు పేకలు ఒకదానిపై ఒకటి దాటే చోట ఎత్తుగా ఉంటుంది. అరగదీసేటప్పుడు ముందుగా అరిగేది ఆ ఎత్తులే. చదునయ్యే సరికి అక్కడ పూతే మిగలదు.

కనుక నీడ పట్టున, వీలైతే ఉదయం వేళ, భాగం పూర్తిగా చల్లబడ్డాకే పని మొదలుపెట్టాలి. ప్రతి విడత తర్వాత అరచేయి ఆనించి చూడాలి. చేయి సుఖంగా నిలవకపోతే మిషన్ ఆపి ఆరనివ్వాలి. ఉష్ణోగ్రతను దూరం నుంచే చూపే చిన్న థర్మామీటర్లు మార్కెట్లో ఉన్నాయి. సుమారు 45 డిగ్రీలు దాటనీయకపోవడం క్షేమకరం.

పని ఇలా సాగాలి

రెండు బకెట్లు పెట్టుకుని, ఒకదానిలో షాంపూ నీరు, మరొకదానిలో గుడ్డ జాడించేందుకు మంచినీరు ఉంచి కడగడంతో పని ఆరంభమవుతుంది. బట్టల సబ్బు, అంట్ల సబ్బు పనికిరావు. తుడిచాక అంచులు, మలుపులు, కంపెనీ చిహ్నాలు, సందులకు మాస్కింగ్ టేపు వేయాలి. టేపుతో పాటు పాత దినపత్రికలను కప్పడం షెడ్లలో ఎప్పటి నుంచో ఉన్న అలవాటే. ముక్కలు చినిగి కంపౌండ్‌లో కలవకుండా చూసుకుంటే అభ్యంతరం లేదు.

మిషన్ ఎంపిక కీలకం. ఒకే దిశలో గిరగిరా తిరిగే రోటరీ బఫింగ్ మిషన్ వేడిని ఒక్కచోట పోగేస్తుంది. అనుభవం లేని చేతిలో క్షణాల్లో పూతను కాల్చేయగలదు. తిరుగుతూనే అటూ ఇటూ ఊగే డ్యుయల్ యాక్షన్ మిషన్ నిదానంగా పనిచేసినా సురక్షితం. ఊలు ప్యాడ్‌ను పక్కనపెట్టి మెత్తని ఫోమ్ ప్యాడ్ తీసుకోవాలి. కంపౌండ్ బదులు ముగింపు దశలో వాడే సన్నని పాలిష్‌తో మొదలుపెట్టాలి.

ముందుగా అరచేయి వెడల్పు చోటులో, వీలైతే అంతగా కనిపించని మూలన, ప్రయోగం చేసి చూడాలి. ప్యాడ్‌పై శనగగింజంత పాలిష్ చుక్కలు మూడు నాలుగు వేసి, మిషన్‌ను తక్కువ వేగంతో, దాని సొంత బరువే ఒత్తిడిగా, నిలువుగా ఒకసారి అడ్డంగా ఒకసారి నిదానంగా నడపాలి. నాలుగు విడతల తర్వాత ఆపి మైక్రోఫైబర్ గుడ్డతో తుడిచి, తెల్లని టార్చి వెలుగులో పరిశీలించాలి. పాలిష్‌లోని నూనె గీతలను తాత్కాలికంగా కప్పేస్తుంది కనుక, నీటితో పలుచన చేసిన ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిస్తేనే అసలు ఫలితం తెలుస్తుంది. సంతృప్తికరంగా ఉంటే అదే పద్ధతిని మిగతా భాగమంతటా కొనసాగించాలి. లేకుంటే ప్యాడ్‌నో, పాలిష్‌నో ఒకదానినే ఒక్క మెట్టు మార్చి చూడాలి. రెండింటినీ ఒకేసారి మార్చితే ఫలితం దేనివల్ల వచ్చిందో తెలియదు.

అంచులు, వంపులు, పక్క అద్దాల తొడుగుల మొనలు మిషన్‌కు అప్పగించరాదు. వాటిని చేతివేళ్లకు మెత్తని స్పాంజి చుట్టుకుని రెండు మూడు సార్లు రుద్ది వదిలేయాలి. అక్కడ ఒకటి రెండు గీతలు మిగిలినా నష్టం లేదు. ఎవరూ చూడని గీత కోసం అంచును తెల్లబరచుకున్న కార్లు షెడ్లలో కనిపిస్తూనే ఉంటాయి.

కార్బన్ భాగాలకే ప్రత్యేకమైన మరో చిక్కు సూదిమొన రంధ్రాలు. గుడ్డను జిగురుతో తడిపేటప్పుడు చిక్కుకున్న గాలి బుడగలు పైకి వచ్చి ఇలా మిగులుతాయి. పాలిష్ చేసేటప్పుడు తెల్లని పొడి వీటిలో ఇరుక్కుని, నల్లని నేతపై ఉప్పు చల్లినట్టు కనిపిస్తుంది. ఎండిపోతే తీయడం గగనం. రంధ్రాలున్నట్టు ముందే గమనిస్తే పాలిష్ తక్కువగా వాడి, తడి ఆరకముందే మెత్తని బ్రష్‌తో దులిపి, ఆల్కహాల్ నీటితో తుడవాలి.

వాటర్ పేపర్ విషయంలో ఒక మాట. 2000, 3000 నంబర్ల కాగితం మెత్తగానే ఉన్నా, మిషన్ పాలిష్ కంటే ఎన్నో రెట్లు ఎక్కువ పొరను తీసివేస్తుంది. ఆ గుర్తులు పోగొట్టేందుకు మళ్లీ కంపౌండ్ కావాలి, అది మరికొంత తినేస్తుంది. పూత చరిత్ర తెలియని భాగంపై దీనిని వాడకపోవడమే మంచిది. అదే విధంగా ‘పది నిమిషాల్లో గీతలు మాయం’ అంటూ అమ్మే కొన్ని క్రీములు గీతలను మైనం వంటి పదార్థంతో నింపుతాయే తప్ప తొలగించవు. నాలుగు వాష్‌ల తర్వాత గీతలు తిరిగొస్తాయి. పొర అరగదు కనుక నష్టం లేదు గానీ, పాలిష్ ధర తీసుకుని ఈ పని చేస్తున్నారేమో వినియోగదారుడు అడిగి తెలుసుకోవాలి.

ఆపవలసిన సమయం

కొన్ని సంకేతాలు కనిపిస్తే మిషన్ తక్షణం ఆపేయాలి. ఎంత రుద్దినా మెరుపు రాని మొద్దు మచ్చ, దాని చుట్టూ సన్నని వలయం, వేలితో తడిమితే నేత గరుకుదనం తెలియడం, గుడ్డకు నల్లని పొడి అంటుకోవడం, కాలిన జిగురు వాసన. ఇవి పూత దాటిన గుర్తులు. ఇక్కడి నుంచి పాలిష్ ఏ మాత్రం ఉపయోగపడదు. భాగాన్ని కారు నుంచి విప్పి, గరుకు చేసి, కొత్తగా క్లియర్ కోట్ వేయించడమే దారి. అతినీలలోహిత కిరణాలను అడ్డుకునే రకం పూతనే వాడమని స్పష్టంగా చెప్పాలి. పైపైన అంతటి ఒక మచ్చకే పూత వేస్తే పాత, కొత్త పూతల సరిహద్దు కార్బన్‌పై కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది కనుక మొత్తం భాగానికీ వేయడమే ఉత్తమం.

జేబు రుమాలు మాస్కు కాదు

పూత దాటి పోగులు తెగిన చోట సమస్య అందం నుంచి ఆరోగ్యానికి మారుతుంది. పగిలిన కార్బన్ అంచు సన్నని ముల్లులా చర్మంలో దిగుతుంది. అరగదీసినప్పుడు లేచే పొడి చర్మానికి దురద, కళ్లకు మంట, గొంతులో గరగర కలిగిస్తుంది. ముఖానికి జేబు రుమాలు కట్టుకుని పనిచేయడం షెడ్లలో సర్వసాధారణం. ఇంత సన్నని ధూళిని అది ఆపలేదు. కనీసం ఎన్95 రకం మాస్కు, కళ్లద్దాలు, చేతి తొడుగులు, పొడవు చేతుల చొక్కా ఉండాలి. పొడిగా కాక తడిపి అరగదీస్తే ధూళి లేవదు. పొడిని కంప్రెసర్ గాలితో ఊదే అలవాటు మానుకుని వాక్యూమ్‌తోనో, తడిగుడ్డతోనో తీయాలి. పని ముగిశాక చర్మాన్ని రుద్దకుండా ముందుగా చల్లని నీటితో కడుక్కోవాలి. ఆ దుస్తులను ఇంట్లో పిల్లల బట్టలతో కలిపి ఉతకరాదు.

ఈ ధూళికి మరో గుణమూ ఉంది. కార్బన్ విద్యుత్ వాహకం. మిషన్ మోటారులోకి, స్విచ్‌బోర్డులోకి చేరితే షార్ట్ సర్క్యూట్‌కు దారితీయవచ్చు. స్విచ్‌లు, ఎక్స్‌టెన్షన్ బాక్సుల పక్కనే కార్బన్ భాగాలను అరగదీయడం ప్రమాదకరం.

కొత్తగా క్లియర్ కోట్ వేసే దశలో ముప్పు మరింత పెద్దది. హార్డనర్ కలిపి గన్‌తో కొట్టే పూతల్లో ఐసోసైనేట్ అనే రసాయనాలు ఉంటాయి. వీటి తుంపరలు పీల్చినవారికి ఆస్తమా రావచ్చు. ఒకసారి శరీరానికి సరిపడకుండా పోయాక, ఆ తర్వాత అతి స్వల్ప మోతాదు తగిలినా ఊపిరి ఆడని పరిస్థితి ఏర్పడుతుంది. వృత్తినే వదులుకోవలసిన అవస్థ వస్తుంది. దీనికి రుమాలే కాదు, ఎన్95 మాస్కు కూడా చాలదు. అది ధూళిని ఆపుతుందే తప్ప ఆవిరిని ఆపదు. బయటి నుంచి శుభ్రమైన గాలి అందించే ముసుగు, గాలిని లాగివేసే ప్రత్యేక గది అవసరం. ఇంటి వరండాలో, అపార్ట్‌మెంటు సెల్లార్‌లో ఈ పని చేయించుకోవడం ఇరుగుపొరుగు వారికీ హానికరమే. తక్కువ ధరకు చేస్తామన్నవారి వద్దకు వెళ్లే ముందు అక్కడ గన్ పట్టుకున్న కుర్రాడి ముఖానికి ఏముందో ఒకసారి చూడటం యజమాని బాధ్యత.

పాలిష్ తర్వాత

పని పూర్తయ్యాక పైన మైనం, సీలెంట్ లేదా సిరామిక్ పూత వేస్తే మురికి అంటుకోవడం తగ్గి, మళ్లీ పాలిష్ అవసరమయ్యే గడువు పెరుగుతుంది. అయితే అరిగిన క్లియర్ కోట్‌కు ఇవి ప్రత్యామ్నాయం కావు. సిరామిక్ వేశాక ఎండ భయమే ఉండదన్న ప్రచారాన్ని పూర్తిగా నమ్మనవసరం లేదు. అతినీలలోహిత కిరణాలను అడ్డుకునే పనిలో అధికభాగం ఇప్పటికీ కింద ఉన్న క్లియర్ కోట్‌దే. ఎండలో ఎక్కువసేపు నిలిచే కార్లకు పారదర్శక రక్షణ ఫిల్ము కొంత మెరుగైన ఏర్పాటు. గీతలు ఫిల్ముపైనే పడతాయి, దానిని మార్చుకోవచ్చు.

గీతల్లో అత్యధికం రోజువారీ తుడుపులోనే పడతాయన్నది గమనార్హం. తెల్లవారుజామున పొడిగుడ్డతో దుమ్ము దులిపే అలవాటు కార్బన్ భాగాలకు అన్నింటికంటే చేటు. దుమ్మును ముందు నీటితో జారవిడిచి, ఆ తర్వాతే మెత్తని గుడ్డ తాకించాలి. నీటికి కొరత ఉన్న రోజుల్లో తుడవకుండా వదిలేసినా నష్టం లేదు. పాలిష్ చేయించిన తేదీ, వాడిన ప్యాడ్, పాలిష్ రకాన్ని సర్వీసు పుస్తకంలో రాసి ఉంచుకుంటే, తర్వాత చేయి వేసేవారికి ఆ పొర ఇప్పటికే ఎన్నిసార్లు అరిగిందో తెలుస్తుంది. కారు చేతులు మారినప్పుడు కొనేవారు అడగవలసిన కాగితాల్లో ఇదీ ఒకటి.